పడి జబ్బు తెచ్చుకోలేదు, జబ్బుండే పడింది: ఒక అరేబియన్ గుర్రప్పిల్ల కేసు

ముందుగా కేసు క్లుప్తంగా. మూడు నెలల వయసున్న అరేబియన్ ఆడ గుర్రప్పిల్ల, బే రంగు (గోధుమ ఒళ్లు, నల్ల జూలు), బరువు సుమారు 120 కిలోలు. పుట్టిందీ పెరుగుతున్నదీ యూఏఈలో ఒక ప్రైవేటు ఫారంలో. నన్ను పిలిచింది "తలకు దెబ్బ తగిలింది, అప్పట్నుంచి నడక తేడాగా ఉంది" అని. చివరికి తేలింది సెరిబెల్లార్ అబయోట్రఫీ. చిన్నమెదడులో పుర్కింజే కణాలు మామూలుగానే తయారై, ఆ తర్వాత వాటంతట అవే చచ్చిపోయే వంశపారంపర్య జబ్బు ఇది. ఇక్కడి నుంచి దీన్ని సీఏ అనే రాస్తాను.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మన దగ్గర వెటర్నరీ చదివి గల్ఫ్‌లో గుర్రాల పనిలోకి వచ్చేవాళ్లు నాకు తరచుగా తగులుతున్నారు. నేను చదివింది రాజేంద్రనగర్‌లో. అక్కడ మాకు గుర్రం అంటే కోలిక్ (కడుపునొప్పి), సర్రా (ఈగలు మోసే రక్త పరాన్నజీవి జబ్బు), కుంటు, మహా అయితే మలక్‌పేట రేసు కోర్సులో థరోబ్రెడ్‌లు. అరేబియన్ జాతికే ప్రత్యేకమైన జన్యు జబ్బుల్ని పరీక్షల ముందు ఒక పేరా చదివి వదిలేసినవాళ్లమే అందరం. ఇక్కడికొస్తే చుట్టూ ఉండేవి అరేబియన్‌లే.

ఏం జరిగిందని చెప్పారు

ఫారం మేనేజర్ చెప్పింది ఇదీ: వారం కిందట ప్యాడక్‌లో (కంచె వేసిన ఆవరణలో) పిల్ల ఏదో చప్పుడుకి బెదిరి పైకి లేచి, వెనక్కి పడి, తల కంచె పైపుకు కొట్టుకుంది. మర్నాటి నుంచి తూలుతోంది. అంతకుముందు చూసిన డాక్టరు తలకు దెబ్బ అన్న లెక్కలో నొప్పి, వాపు తగ్గించే ఫ్లునిక్సిన్, డెక్సామెథసోన్ ఇచ్చారు. ఆ చరిత్ర విన్నాక ఎవరైనా మొదట చేసేది అదే. తగ్గలేదు, పెరగనూ లేదు. ఆ "పెరగనూ లేదు" అన్న ముక్క దగ్గర నేను ఆగాను. పుర్రె లోపల రక్తం చేరితేనో వాపు వస్తేనో మొదటి రెండు మూడు రోజుల్లో కథ ఏదో ఒక వైపు తిరుగుతుంది. వారం పాటు ఉన్నచోటే ఉండటం తలదెబ్బ కేసుల్లో నేను పెద్దగా చూడలేదు.

ఆ పిల్లను రోజూ చూసుకునే సైస్ జగిత్యాల నుంచి వచ్చిన మనిషి, చాలా ఏళ్లుగా గుర్రాల దగ్గరే ఉన్నాడు. మేనేజర్ ముందు ఏమీ మాట్లాడలేదు. ఆయన ఫోన్ వచ్చి పక్కకి వెళ్లాక, "అన్నా, నీకేమనిపిస్తోంది?" అని అడిగితే చెప్పాడు: "దెబ్బ తాకినంక కాదు సార్, అంతకుముందుకెళ్లే గిట్లనే ఉన్నది. పాలు తాగెతందుకు పోతె తల గజగజ వణుకుతది. తాగినోని లెక్క నడుస్తది గని, కాళ్లల్ల బలం మస్తున్నది."

మూడు వాక్యాల్లో రోగ నిర్ధారణ మొత్తం చెప్పేశాడు. పైగా ఊళ్లో ఉన్న పిల్లలకి పంపడానికి తీసిన వీడియోలు ఫోన్‌లో ఉన్నాయి. ఒక దాంట్లో పిల్ల తల్లి పొదుగు దగ్గరికి వస్తుంది. దూరంగా ఉన్నప్పుడు తల దాదాపు నిలకడగానే ఉంది, మూతి చన్నుకి బెత్తెడు దూరంలోకి వచ్చేసరికి తల పైకీ కిందికీ ఊగడం మొదలైంది, రెండుసార్లు గురి తప్పి తల్లి తొడకి తగిలింది, మూడోసారి దొరికింది. ఆ వీడియో తేదీ, పడిన రోజు కంటే దాదాపు మూడు వారాల ముందుది.

నరాల జబ్బు కేసుకి వెళ్తే సైస్ ఫోన్ అడగండి. మనం వెళ్లిన పది నిమిషాల్లో గుర్రం చూపించనిది అందులో ఉంటుంది.

పరీక్షలో కనిపించింది

జ్వరం లేదు, 38.4. గుండె, ఊపిరి మామూలే. పిల్ల హుషారుగా ఉంది, తింటోంది, పిలిస్తే చెవులు తిప్పుతోంది. దెబ్బ తాలూకు గీత నడినెత్తి దగ్గర మానిపోతోంది, కింద ఎముకలో తేడా ఏమీ చేతికి తగల్లేదు. ముక్కు నుంచీ చెవి నుంచీ రక్తం కారిన ఆనవాళ్లు లేవు.

నిలబడినప్పుడు కాళ్లు వెడల్పుగా పెట్టుకుంటోంది. తలలో సన్నటి ఊపు ఉంది, చూడాలని చూస్తే తప్ప తెలియనంత. బకెట్‌లో కాస్త దాణా వేసి ముందు పెట్టాను. మూతి బకెట్ అంచుకి చేరే కొద్దీ ఆ ఊపు పెద్దదైంది, మూతి అంచుకి టపటపా కొట్టుకుంది, లోపలికి వెళ్లాక తగ్గిపోయింది. ఏదైనా చేయబోయినప్పుడే వచ్చే ఈ వణుకు చిన్నమెదడు గుర్తు.

నడిపిస్తే ముందు కాళ్లు అవసరానికి మించి ఎత్తి దబ్బున దించుతోంది. తిప్పితే ఒక్కో అడుగు ఒక్కోచోట పడుతోంది. అయినా గిట్టల ముందు అంచులు అరగలేదు, కాలు ఈడ్వడం లేదు. నడుస్తుండగా తోక పట్టుకుని పక్కకి లాగితే నన్నే లాక్కుపోయింది. వెన్నుపాములో సమస్య ఉంటే తూలడంతో పాటు నీరసమూ ఉండాలి. ఇక్కడ బలం నిండుగా ఉంది, లేనిది అదుపు.

తర్వాత కళ్లు. చెయ్యి కంటి మీదికి విసిరినట్టు తెస్తే రెప్ప వేయాలి. గాలి తగలకుండా, కంటి చుట్టూ ఉండే పొడుగు వెంట్రుకలకి తాకకుండా చేయాలి, లేకపోతే ఆ స్పర్శకే రెప్ప వేస్తుంది, మనం మోసపోతాం. రెండు కళ్లలోనూ ప్రతిస్పందన లేదు. కానీ చూపు ఉంది: దారికి అడ్డంగా పెట్టిన పైపును చూసి ఆగింది, చేతిలో బకెట్ ఎటు తిప్పితే అటు తల తిప్పింది. టార్చి వేస్తే కంటిపాప చిన్నదవుతోంది. రెప్పని వేలితో తాకితే మూస్తోంది, అంటే ముఖ నరమూ పని చేస్తోంది. చూపు, రెప్ప రెండూ బాగుండి మధ్యలో లింకు తెగితే చిన్నమెదడుని అనుమానించాలి, ఎందుకంటే ఈ ప్రతిస్పందన దారి దాని గుండా వెళ్తుంది. ఒక జాగ్రత్త: ఇది పుట్టుకతో వచ్చేది కాదు, పిల్లలు మొదటి రెండు వారాల్లో నేర్చుకుంటాయి. మూడు రోజుల పిల్లలో లేదని కంగారు పడక్కర్లేదు, మూడు నెలల పిల్లలో లేకపోతే లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఇలాంటి పిల్లకి కళ్లకి గంతలు కట్టి నడిపించడం, తల పైకెత్తించి నడిపించడం లాంటివి పుస్తకంలో ఉన్నాయి కదా అని చేయకండి. బెదిరితే నిటారుగా లేచి వెనక్కి పడతాయి. పుర్రె పగిలితే అప్పుడు నిజంగానే తలదెబ్బ కేసు అవుతుంది.

ఏవేవి కాదనుకున్నాను

తలదెబ్బ: లక్షణాలు రెండు వైపులా సమానంగా ఉన్నాయి, తల ఒక పక్కకి వాలలేదు, కనుగుడ్లు అటూ ఇటూ అదరడం లేదు. దెబ్బ ఇంత చక్కగా కొలిచి రెండు వైపులా సమానంగా తగలదు. పైగా వీడియో.

వాబ్లర్, అంటే మెడ వెన్నుపూసల మధ్య వెన్నుపాము నొక్కుకుపోవడం: రేసు గుర్రాల దగ్గర పని చేసి వచ్చినవాళ్లకి తూలే గుర్రం కనబడగానే నోటికి వచ్చే పేరు. అందులో వెనక కాళ్లు ఎక్కువ చెడతాయి, నీరసం ఉంటుంది, తల మాత్రం మామూలుగా ఉంటుంది. తల వణుకుతుంటే సమస్య మెడలో లేదు, పైన ఉంది. అయినా మెడకి ఎక్స్‌రే తీయించాను, ఎందుకంటే అరేబియన్‌లలో పుర్రెకీ మొదటి రెండు పూసలకీ మధ్య కీళ్లు పుట్టుకతోనే వంకరగా ఏర్పడే ఇంకో జబ్బు ఉంది. బాగానే ఉంది.

లావెండర్ ఫోల్ సిండ్రోమ్: ఇదీ అరేబియన్‌లదే, 2010లో ఎంవైఓ5ఏ జన్యువులో లోపం అని తేలింది. కానీ అది పుట్టిన రోజే కనిపిస్తుంది, పిల్ల లేచి నిలబడలేదు, బొచ్చు వెలిసిన వెండి ఊదా రంగులో ఉంటుంది. ఈ పిల్ల పుట్టినరోజు లేచి పాలు తాగింది. అరేబియన్ పిల్లల్లో వచ్చే మూర్ఛ కూడా కాదు, అందులో ఫిట్స్ వచ్చిపోతాయి, మధ్యలో నడకకి ఢోకా ఉండదు.

పరాన్నజీవి మెదడుకీ వెన్నుపాముకీ పాకి తెచ్చే ఈపీఎం అనే జబ్బు గురించి అమెరికా వీడియోలు చూసి మేనేజర్ అడిగాడు. ఆ పరాన్నజీవి అమెరికా ఖండాల్లోని ఒపోసమ్ అనే చిన్న జంతువు పెంటతో వ్యాపించేది, ఈ పిల్ల ఇక్కడే పుట్టి ఇక్కడి గడ్డే తిన్నది. రేబిస్ మాత్రం నరాల లక్షణాలున్న ఏ జంతువులోనైనా నా లిస్టులో ఉంటుంది. గ్లోవ్స్ లేకుండా నోట్లో చెయ్యి పెట్టను. అది రోజుల్లో ముదిరి చంపేస్తుంది, వారాల తరబడి ఆడుకుంటూ తిరగనివ్వదు.

ఇక అసలు చిక్కు విటమిన్ ఇ దగ్గర వచ్చింది. రక్త పరీక్షలో 1.4 మైక్రోగ్రాములు/మి.లీ. ఉంది, 2 పైన ఉండాలి. ఎండుగడ్డి మీద బతికే ఎడారి ఫారాల్లో ఇది మామూలే, పచ్చిక మీద మేయని గుర్రానికి విటమిన్ ఇ ఎక్కడి నుంచి వస్తుంది? కాగితం చూడగానే మేనేజర్ ముఖం వెలిగింది. "విటమిన్ లోపం, అంతే కదా డాక్టర్!" అన్నాడు. విటమిన్ ఇ తక్కువైతే ఎదిగే పిల్లల్లో నిజంగానే ఎన్‌ఏడీ అనే నరాల క్షీణత వస్తుంది, తూలుతాయి, కొన్నిట్లో ఆ రెప్పపాటు ప్రతిస్పందన కూడా తగ్గుతుంది. కాబట్టి తోసిపుచ్చే విషయం కాదు. అందుకని అదే ఎండుగడ్డి తింటున్న తల్లివీ, పక్క ప్యాడక్‌లో అదే ఈడు పిల్లలవీ రక్తం తీయించాను. అందరిదీ తక్కువే, అందరూ చక్కగా పరుగెత్తుతున్నారు. తల వణకడం కూడా ఎన్‌ఏడీ పద్ధతి కాదు. ఫారం మొత్తానికీ సహజ విటమిన్ ఇ రోజూ కిలో బరువుకి 10 ఐయూ లెక్కన మొదలుపెట్టాం, ఎలాగూ వాటికి అవసరమే. కొన్ని వారాలకి పిల్ల స్థాయి 2.9కి వచ్చింది. వణుకు ఎక్కడిదక్కడే.

వెన్ను నీరు తీయడం, ఎంఆర్ఐ లాంటివి వద్దన్నాను. మత్తు ఇచ్చి లేపేటప్పుడు ఇలాంటి పిల్ల ఎన్నిసార్లు పడుతుందో చెప్పలేం, అంత రిస్కు తీసుకున్నా తేల్చి చెప్పేది ఏమీ ఉండదు. తేల్చేది డీఎన్ఏ. అంత చిన్న పిల్లకి జూలు వెంట్రుకలు మరీ సన్నగా ఉంటాయని తోక నుంచి ముప్పై దాకా వేళ్లకి చుట్టి పీకాం, కుదుళ్లు ఉన్నాయో లేదో ఒక్కోటీ వెలుతురులో చూసి, కాగితానికి టేపు వేసి, కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ జెనెటిక్స్ ల్యాబ్‌కి పంపాం. కత్తిరించిన వెంట్రుక పనికిరాదు, కుదురులోనే డీఎన్ఏ.

సీఏకి మొదటి డీఎన్ఏ పరీక్ష 2008లో వచ్చింది, ఆ ల్యాబ్ నుంచే, అప్పట్లో చుట్టుపక్కల మార్కర్లతో (దగ్గర్లో ఉండే డీఎన్ఏ గుర్తులతో) అంచనా కట్టేవాళ్లు. 2011లో అసలు మార్పు ప్రచురించారు: 2వ క్రోమోజోమ్ మీద టీఓఈ1 జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. పక్కనే ఎంయూటీవైహెచ్ అనే ఇంకో జన్యువు ఉంది, ఆ మార్పు దాని పనినీ తగ్గిస్తుందేమోనని అప్పట్లో దానివైపే ఎక్కువ మొగ్గారు. 2017లో మనుషుల్లో టీఓఈ1 లోపాల వల్ల చిన్నమెదడు సరిగా ఎదగని జబ్బు వస్తుందని తేలాక నా చూపు టీఓఈ1 వైపే ఉంది. ఇది నా అభిప్రాయం, వైద్యం చేసే పద్ధతి దీనివల్ల మారదు.

ఫలితం: సీఏ/సీఏ. అంటే ఆ జన్యువు రెండు కాపీలూ చెడ్డవే.

ఓనర్‌తో మాట

జబ్బు పేరు చెప్పడం కష్టం కాలేదు. ఒక కాపీ తల్లిది, ఒక కాపీ తండ్రిది అని చెప్పడం దగ్గర గొడవ మొదలైంది. తండ్రి గుర్రం షోల్లో గెలిచినది, బయటి ఆడ గుర్రాలు దాని కోసం వస్తాయి. "నా గుర్రానికి ఏ జబ్బూ లేదు, చూడండి ఎలా నడుస్తుందో" అన్నాడు ఓనర్. నిజమే, లేదు. ఒక్క చెడ్డ కాపీ మాత్రమే ఉన్న గుర్రానికి, అంటే క్యారియర్‌కి, ఏ లక్షణమూ ఉండదు, ముసలిదయ్యాక కూడా రాదు. అందుకే ఇది తరాల తరబడి కనపడకుండా ప్రయాణిస్తుంది. అరేబియన్‌లలో దాదాపు ఐదింటిలో ఒకటి క్యారియర్ అని అంచనా. ఐదులో ఒకటి, ఇంకో ఐదులో ఒకటితో కలిసి, అందులో నాలుగో వంతు అంటే, ఎడాపెడా కలిపినా వంద పిల్లల్లో ఒకటి ఇలా పుట్టాలి. మరి మనకి అన్ని కేసులు కనపడవేం? నాకనిపించేది, చాలా వాటిని "తలకు దెబ్బ తగిలింది" అని రాసి మూసేస్తున్నాం. పడి ఉన్న పిల్ల దగ్గర కంచె ఎప్పుడూ ఉంటుంది.

పక్కనే నిలబడి వింటున్న సైస్‌కి మాత్రం నేను ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు. పేరున్న పూర్వీకుడి రక్తం నిలవాలని మళ్లీ మళ్లీ దగ్గరి సంతానంతోనే కలపడం అంటే మన మేనరికం లాంటిదే అన్నాను, అంతే, వాళ్ల ఊళ్లో వరసగా రెండు తరాలు మేనరికం చేసుకున్న ఇంటి సంగతి తనే చెప్పడం మొదలుపెట్టాడు.

స్టాలియన్‌వీ (అంటే తండ్రి గుర్రానివీ) తల్లివీ వెంట్రుకలు పంపాం. రెండూ ఎన్/సీఏ, అంటే ఒక కాపీ మంచిది, ఒకటి చెడ్డది. అప్పుడు ఓనర్ ఒక్కసారిగా రెండో చివరికి వెళ్లిపోయాడు: "అయితే కాస్ట్రేషన్ చేయించేయమంటారా?" వద్దన్నాను, గట్టిగానే వద్దన్నాను. క్యారియర్‌ని మంచి కాపీలు రెండూ ఉన్న గుర్రంతో కలిపితే ఒక్క జబ్బు పిల్ల కూడా పుట్టదు. పుట్టినవాటిలో సగం క్యారియర్లు అవుతాయి, వాటికీ పరీక్ష చేయించుకుంటూ పోవాలి, అంతే. ఐదో వంతు గుర్రాల్ని కత్తిరించుకుంటూ పోతే మిగిలినవి ఇంకా దగ్గరి చుట్టాలై, ఇప్పుడు మనకి పేరు కూడా తెలియని మరో జబ్బు పైకి తేలుతుంది. తప్పు క్యారియర్‌ని ఉంచుకోవడం కాదు, చెప్పకుండా కలపడం.

పిల్ల సంగతి

మందు లేదు. చచ్చిన పుర్కింజే కణాలు తిరిగి రావు. కొన్నాళ్లు ముదిరినట్టు కనిపించి ఒక చోట ఆగుతుంది, ఆ తర్వాత పిల్ల తన లోపంతో ఎలా నడవాలో నేర్చుకుంటుంది, దాన్నే చాలామంది "తగ్గుతోంది" అనుకుంటారు. ఎక్కి స్వారీ చేయడానికి ఎప్పటికీ పనికిరాదు. సంతానానికీ వాడకూడదు, పుట్టే ప్రతి పిల్లా కనీసం క్యారియర్.

నొప్పి లేకుండా ముగించడం గురించి కూడా ఓనర్‌తో దాపరికం లేకుండా మాట్లాడాను. తనంతట తాను తిండి, నీళ్లు తీసుకోలేకపోయినా, మళ్లీ మళ్లీ పడి గాయపడుతున్నా ఇక లాగకూడదని ముందే ఒప్పందం చేసుకున్నాం. అంతవరకూ ఉంచుకుంటానన్నాడు. ఇసుక పరిచిన చదునైన చిన్న ప్యాడక్, వైరు కంచె బదులు గుండ్రటి పైపులకి రబ్బరు, పైన వేలాడే బకెట్ తీసేసి నేల మీద వెడల్పాటి తొట్టి, తోడుగా ఒక నెమ్మదైన ముసలి గెల్డింగ్ (కాస్ట్రేషన్ చేసిన మగ గుర్రం). తల్లి నుంచి విడదీయడం ఆలస్యం చేశాం. గిట్టలు చెక్కేవాడు వచ్చినప్పుడు ఒక పక్క గోడకి ఆనించి, కాలు తక్కువ ఎత్తుకే లేపి, గబగబా ముగించాలి. వెనక నుంచి చప్పుడు లేకుండా ఎవరూ రాకూడదు, పేరు పెట్టి పిలుస్తూ రావాలి. ఈ ఆఖరి నియమం సైస్‌దే, నాది కాదు. ఇప్పుడు రెండేళ్లు దాటింది, కండ పట్టింది, తలలో ఊపు అలాగే ఉంది.

ఇంకో విషయం మొదటి రోజే నా మెదడులో తిరుగుతూ ఉంది. ఈనిన నెలకే తల్లిని అదే స్టాలియన్‌తో మళ్లీ కలిపారు. నేను చూసేసరికే అది చూడిది. నాలుగింట ఒక వంతు ఇంకో సీఏ/సీఏ. ఆ సంగతి చెప్పిన రోజు ఓనర్ చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత మిగతా ఆడ గుర్రాలన్నిటి వెంట్రుకలు పంపమన్నాడు. బయటి నుంచి వచ్చే గుర్రాల ఒప్పందంలో స్టాలియన్ ఎన్/సీఏ అని రాయడానికి మేనేజర్ మొదట టెన్షన్ పడ్డాడు, వ్యాపారం పోతుందని. ఒకాయన నిజంగానే తన గుర్రాన్ని వెనక్కి తీసుకెళ్లాడు. మిగతావాళ్లు తమ గుర్రాల రిపోర్టులు తెచ్చి చూపించారు, లేనివాళ్లు చేయించుకున్నారు.

తర్వాతి సీజన్‌లో మగపిల్ల పుట్టింది. పుట్టగానే లేచి పాలు తాగింది, అందులో ఆశ్చర్యం లేదు, అక్క కూడా అలాగే తాగింది. ఈ జబ్బు ఎక్కువ పిల్లల్లో 6 వారాల నుంచి 4 నెలల మధ్య బయటపడుతుంది, కొన్నిట్లో ఏడాది దాటాక కూడా, కాబట్టి పుట్టినరోజు నడక చూసి సంతోషించడానికేమీ లేదు. మొదటి వారంలోనే తోక వెంట్రుకలు పంపాం. రిపోర్టు వచ్చేదాకా ఫారంలో అందరి కళ్లూ దాని తల మీదే, ఈగ వాలి విదిలించుకున్నా ఎవడో ఒకడు ఫోన్ చేసేవాడు. ఎన్/సీఏ అని వచ్చింది. అంటే ఆరోగ్యంగా ఉంటుంది, జోడీ కట్టేటప్పుడు మాత్రం చూసుకోవాలి. తల్లిపాలు మాన్పించాక దాన్ని వేరే ఫారం వాళ్లు కొనుక్కున్నారు. రిపోర్టు కాపీని ఓనరే గుర్రం పాస్‌పోర్టుకి జతచేసి ఇచ్చాడు, ధర గురించి బేరం కూడా ఆ కాగితం ముందు పెట్టుకునే జరిగింది.